మోకాలు మార్చిన పన్నెండేళ్లకు

ప్రశ్న: మా అత్తగారికి పన్నెండేళ్ల కిందట హైదరాబాదులో కుడి మోకాలు మార్పించాము. ఇన్నాళ్లూ మా వూరి నాగన్న బావి మెట్లు కూడా దిగి ఎక్కిన మనిషి, మూడు నెలలుగా గుమ్మం దిగటానికే గోడ పట్టుకుంటున్నారు. మోకాలు వాచింది, టక్కుమంటోంది. డాక్టరు దగ్గరకు పోదామంటే “లోపల వున్నది ఇనుము, దానికి జబ్బేమిటి?” అంటారు. నిజమేనా?
– ఒక కోడలు, లింగంపేట

జవాబు: జబ్బు రాదు గాని అరుగుదల వస్తుంది. అసలు అది ఇనుమూ కాదు. తొడ ఎముక చివర తొడిగేది సాధారణంగా కోబాల్టు, క్రోమియం కలిసిన లోహం. కింది ఎముక మీద పరిచేది తరచు టైటానియం పళ్లెం. రెంటి నడుమ గట్టి పాలిథిన్ బిళ్ల. ఏళ్ల తరబడి నడకలో అరిగేది ఆ బిళ్లే. అరిగి వూరుకోదు. రాలిన పొడి, కంటికి కనబడనంత సన్నం, చుట్టూ వున్న కణాలను రేపుతుంది. దానితో ఎముక కరుగుతుంది, లోహం పట్టు వదులుతుంది. చిత్రమేమంటే, ఎముక చాలావరకు కరిగేదాకా నొప్పి తెలియకపోవచ్చును. హాయిగా నడిచేవారిని కూడా అప్పుడప్పుడు ఎక్స్‌రేకు రమ్మనేది అందుకే.

టక్కుమన్నంత మాత్రాన బెదరనక్కరలేదు. లోహమూ బిళ్లా తాకే చప్పుడు చాలామందికి మొదటినుంచీ వుంటుంది. మీ అత్తగారిది వేరు: చప్పుడు కొత్తది, వాపు వుంది, కాలి మీద భరోసా పోయింది. ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వేడెక్కినా ఆ రోజే వెళ్లాలి. లోపల చీము పట్టిందేమో ముందు రక్తపరీక్షతో, అవసరమైతే మోకాలి నీరు తీసి తేలుస్తారు. నూనె మర్దనలతో కాలయాపన చేయకండి.

పాత ఎక్స్‌రేలు వెంట తీసుకువెళ్లండి. ఆపరేషన్ కాగితాలలో కీలు కంపెనీ, సైజు, నంబరు వున్న చీటీ అంటించి వుంటుంది. ట్రంకుపెట్టె అడుగున వెదకండి. లోహం గట్టిగా వుంటే కొందరికి బిళ్ల ఒక్కటే మారిస్తే సరిపోతుంది. దానికి ఆ చీటీయే ఆధారం. ఆలస్యమైతే మొత్తం తీసి, పొడుగు కాడ వున్న కీలు వేయాలి. ఖర్చు తేడా చూడండి: 2017 ఆగస్టులో కేంద్రం ధరలు కట్టడి చేసినప్పుడు మామూలు కోబాల్టు క్రోమియం కీలుకు 54,720 రూపాయలు, రెండోసారి వేసేదానికి 1,13,950 నిర్ణయించింది. పన్ను వేరే.

ఇంతకూ అందరికీ ఇలా అవుతుందని కాదు. 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, మార్చిన మోకాళ్లలో నూటికి సుమారు 82 పాతికేళ్లు పనిచేస్తున్నవి.

డాక్టరు చూసేదాకా ఆవిడ ఎడమచేతికి కర్ర ఇవ్వండి. కుడి మోకాలికి ఎడమచేతి కర్రే ఆసరా. స్నానాలగది తడి లేకుండా చూడండి. జారిపడితే లోహానికి సరిగ్గా పైన తొడ ఎముక విరగవచ్చును.