బర్రె చాకిరీ ఆమెది, చేను లెక్క ఆయనది

వానాకాలంలో ఘట్‌కేసర్ రోడ్డు పక్కన నిప్పుల మీద కాలే మక్కకంకుల వాసన వస్తే బస్సులో వెళ్ళేవాళ్ళం కూడా కిటికీలోంచి తొంగిచూస్తాం. దిగితే బేరమాడి కొనుక్కుంటాం. కంకి విరిచాక మిగిలిన చొప్ప ఏమైందని మాత్రం ఎవరం అడగం. చిన్న రైతు ఇంటి కష్టసుఖాలు చాలావరకు ఆ చొప్ప దగ్గరే ఉన్నాయి.

చొప్ప బర్రెకి, బర్రె పెండ చేనుకి. ఇది మన అమ్మమ్మలు ఎరిగిన సంగతే. ఎక్కడ తెగుతోందో చూడండి. పెట్టుబడికి డబ్బు చాలకపోతే ముందు అమ్ముడుపోయేది బర్రె. (ఆవిడ నగలు అప్పటికే తాకట్టులో ఉంటాయి కదా!) ఆ డబ్బుతో విత్తనం, యూరియా వస్తాయి. పంటయ్యాక తినే నోరు లేక చొప్పని చేలోనే కాల్చేస్తారు. మరుసటి ఏడు పెండ లేదు, ఇంకో బస్తా యూరియా కావాలి. పాలమ్మి ఆమె చేతిలో ఆడిన నాలుగు రూపాయలూ పోయాయి. ఆ నష్టం మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

అలాగని పెండతోనే సర్వం పండుతుందనే ఉపన్యాసాలు నాకు నచ్చవు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది. టన్ను పశువుల ఎరువులో ఉండేది సుమారు 5 కిలోలే. బస్తాకి సాటి రావాలంటే నాలుగు టన్నులు మోయాలి. మోసేదెవరో ఉపన్యాసకులకి తెలీదు! అయితే మట్టిని గుల్లగా ఉంచడం, పడ్డ వానని పట్టి ఉంచడం యూరియా వల్ల కాదు. పది రోజులు చినుకు పడకపోతే ఆ తేడా చేలో కనబడుతుంది. రెండూ కావాలి.

ఇంకో సంగతి. 2018లో కత్తెర పురుగు మన దేశంలో కనబడింది మొదలు మక్క సుడిలో మందు కొట్టడం మామూలైంది. కొట్టేది ఆయన. రెండు రోజులకి అదే చేలో పచ్చి ఆకు కోసి బర్రెకి వేసేది ఆమె. ఏ మందు, ఎన్నాళ్ళు ఆగాలి అని ఆమెకి ఎవరూ చెప్పకపోతే, అది పాలలోకి రాదన్న భరోసా ఎవరిస్తారు? మొక్క చిన్నగా ఉన్నప్పుడు తొమ్మిది పాళ్ళ ఇసుకకి ఒక పాలు సున్నం కలిపి సుడిలో వేయమని వ్యవసాయాధికారులే చెప్పారు. అది ఆమె చేయగల పనే. కానీ శిక్షణకి పిలుపు ఎవరి పేరున వస్తుంది? పట్టా ఉన్నవాళ్ళ పేరునే. 2018లో ఎకరాకి పంటకి 4,000 చొప్పున మొదలైన రైతుబంధు కూడా పాస్‌బుక్కు చూసే ఇచ్చారు.

పీర్జాదిగూడ, కొర్రెముల వైపు మూసీ నీళ్ళతో గడ్డి పెంచి నగరంలోని బర్రెల కొట్టాలకి అమ్మడం ఏళ్ళపాటు నడిచిన వ్యాపారం. మన పాల వెనక ఎంత పచ్చగడ్డి, ఎంతమంది రెక్కల కష్టం ఉందో!

కిసాన్ క్రెడిట్ కార్డుని పాడికి కూడా ఇవ్వాలని 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పశువులు, కొట్టం ఉంటే చాలు, కొట్టం అద్దెదైనా సరే. మహిళా సంఘాలూ అర్హులే. బర్రెని అమ్మాలన్న మాట ఇంట్లో లేవకముందే ఈ దారి చూడొచ్చు. ఊళ్ళో ఉన్న మీ వదినకో పిన్నికో ఈ సంగతి చెప్పండి. దరఖాస్తు మీద ఆమె పేరే రాయించమనండి.