ప్రమాదము ఎవరిది?

సంస్కృతమునుండి మనము తెచ్చుకొన్న మాటలలో కొన్ని, మన యింటికి వచ్చిన పిమ్మట, పుట్టింటి యర్థమును మరచిపోయినవి. అట్టివానిలో ‘ప్రమాద’ మొకటి. మూలభాషలో దానికి ఏమరుపాటని యర్థము. తెనుగున అది ఆపదకే పేరైపోయినది. ఈ పరిణామమువలన లాభపడినవారు నిఘంటుకారులు కారు, యజమానులు. ఏమరుపాటన్నచో ఏమరినవాడొకడు ఉండవలెను గదా! ఆపద యన్నచో అది పిడుగువలె ఎవ్వరి ప్రమేయమును లేక పైనుండి పడవచ్చును. కావుననే ‘ప్రమాదవశాత్తు మరణించెను’ అని పత్రికలో చదివినప్పుడెల్ల, ఆ ప్రమాదము ఎవరిదని అడుగబుద్ధి యగుచుండును.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణము చెంత ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రించుచున్న ఆర్.ఆర్. వెంకటాపురముమీద పరచుకొని 12 మందిని బలిగొన్న వృత్తాంతము పాఠకులు మరచియుండరు. చల్లగా ఉంచవలసిన ద్రవము లాక్‌డౌను దినములలో నిలువయుండి వేడెక్కినది. ట్యాంకు అడుగున తప్ప నడుమను, పైభాగమునను ఉష్ణోగ్రతను కొలుచు ఏర్పాటు లేనందున ఆ వేడి ఎవరి కంటను పడలేదు. ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము బయటపెట్టిన సంగతులలో నన్ను మిక్కిలి కలచినది మరియొకటి: 36 చోట్లనుండి మ్రోగింపదగిన సైరను ఉండియు ఆ రాత్రి మ్రోగలేదు. పరికరమున్నది, మీటయున్నది, మీట చెంతకు పోగల మనుష్యులున్నారు. పైవాని యనుమతికై చూడక చేయి చాచగల ధైర్యమును, ఆ ధైర్యమునకు శిక్షపడదను నమ్మకమును మాత్రము ఏ గుత్తేదారును అమర్చి పోలేడని నా యభిప్రాయము.

అట్టి యధికారము మన నేలకు క్రొత్తదియు కాదు. సింగరేణి బొగ్గుబాయిలో పైకప్పును కడ్డీతో తట్టి చెవియొగ్గుట పాత విద్య. గట్టి కప్పు కంగున మ్రోగును. పగులువారినది బోలుగా పలుకును. ఆ బోలు పలుకు చెవినిబడిన పిదప మైనింగ్ సర్దారు పనివారిని వెలికిబంపి, ఆ చోటికి ఎవ్వరును పోకుండ అడ్డుకట్టవలెనని గనుల నిబంధనలు విధించుచున్నవి. పెద్ద కుర్చీలో కూర్చుండనివాడొకడు నోటిమాటతో ఉత్పత్తిని నిలుపగలుగుట, నాకు తెలిసిన కార్మికశాసనములలోనెల్ల శ్రేష్ఠమైన వాక్యము. అది చాలునని కాదు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది అసువులు బాసిరి. నీరు తట్టిన పలుకదు. దాని జాడను పాత పనుల నక్షలలో వెదకవలెను, ఆ నక్షలు కార్యాలయపు బీరువాలో ఉండును గాని సర్దారు సంచిలో ఉండవు.

గీతవృత్తిలోనివానికి సర్దారును లేడు, సైరనును లేదు. నడుమును చెట్టును కలిపి చుట్టు మోకు, నడుమున ముత్తాదు, పాదములకు పట్టునిచ్చు గుజి, వీనిని నమ్మియే తాతతండ్రులనాటినుండి తాళ్లెక్కుచున్నాడు. వాననీటికి నానిన మ్రాను పాచిపట్టియుండును. కాలు జారినచో మోకు వానితోడనే జారును. మోకు తెగినచో జారుటకైనను వ్యవధి యుండదు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము లష్కర్‌గూడలో పంచనారంభించిన రక్షణ పరికరములు పర్వతారోహకుల పద్ధతిలో జారినవానిని చెట్టుననే నిలువరించును. వానికి గౌడుల యిలవేల్పగు కాటమయ్య పేరు పెట్టినవాని బుద్ధికుశలతను మెచ్చుకొనవలసినదే. అయినను ఒక మాట. పూటకు పది చెట్లెక్కి దిగవలసినవాడు ఒక్కొక్క మ్రాని కడ పట్టీలు బిగించి విప్పుచు కూర్చుండునంతలో లొట్టిలోని కల్లు పులియును, క్రిందనున్న వాడుకరి ప్రక్క మండువకు నడచును. ఆ కోల్పోయిన గడియల వెల ఎవరు చెల్లింతురో తేల్చక పరికరమును మాత్రమే ఇచ్చినచో, అది అటకనెక్కును. తరువాత నేలగూలినవానికే ఏమరుపాటు అంటగట్టుదుము.

కర్మాగారముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. విద్యుచ్ఛక్తి వాడుచోట 10 మంది పనివారున్నచాలును అది కర్మాగారమేయని 1948 చట్టము వేసిన లెక్కను, 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా స్మృతి 20కి పెంచినది. పందొమ్మిదిమందియే ఉన్నచోట యంత్రము వ్రేళ్లను గుర్తించి విడిచిపెట్టునని శాసనకర్తలు నమ్మిరి కాబోలు.

ఇక మురుగుకాలువలు. రక్షణ లేక మనుష్యుని మ్యాన్‌హోలులోనికి దింపుటను 2013 చట్టము నిషేధించినది. మరణించినవాని కుటుంబమునకు 10 లక్షలీయవలెనని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పి, 2023లో దానిని 30 లక్షలు చేసినది. పరిహారము మూడింతలైనది గాని మ్యాన్‌హోలు లోతు అంగుళమైనను తగ్గలేదు. అందలి హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టును. గాఢమైనకొలది ముక్కునే మొద్దుబార్చును గావున, వాసన పోయినదనుకొన్న క్షణమే కడపటిది కావచ్చును. దిగుటకు మునుపు లోని గాలిని పరీక్షింపవలెను. దిగినవాని నడుమునకు కట్టిన త్రాటి కొనను పైనొకడు పట్టుకొని నిలువవలెను. తరచుగా జరుగునది వేరు. వచ్చునది ఇరువురు, త్రాడుండదు. మొదటివాడు పలుకకున్నచో రెండవవాడు వానిని పేరుపెట్టి పిలుచుచు తానును లోనికి దిగును.