చెయ్యి ఎవరిది, ఓటు ఎవరిది?

మధురవాడ కారుషెడ్ జంక్షన్‌లో ఎవరినైనా ఆపి మీ మేయర్ ఎవరని అడిగితే 2025లో కాస్త ఆలోచించి చెప్పేవారు. ఏప్రిల్ 19 వరకు గొలగాని హరి వెంకట కుమారి. ఏప్రిల్ 28 నుంచి పీలా శ్రీనివాసరావు. ఈ మధ్యలో నగరంలో ఎన్నికలేమీ జరగలేదు. మనలో ఎవరమూ పోలింగ్ బూత్ వరుసలో నిలబడలేదు, ఎవరి వేలికీ సిరా అంటలేదు.

జరిగినది చట్టవిరుద్ధమని మేము అనడం లేదు. మేయర్ ఎన్నికైన నాలుగేళ్ల వరకు అవిశ్వాసం పెట్టకూడదన్నది అప్పటి నిబంధన. ఆ గడువు 2025 మార్చి 18తో తీరింది. కొద్ది రోజుల్లోనే కలెక్టర్‌కు నోటీసు చేరింది. కార్పొరేటర్లు 97 మంది, ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీల వంటి ఎక్స్ అఫీషియో సభ్యులు 14 మంది, మొత్తం 111 ఓట్లు. మూడింట రెండు వంతులంటే 74. ఆ రోజు సరిగ్గా 74 చేతులు లేచాయి. ఒక్క చెయ్యి తగ్గినా తీర్మానం వీగిపోయేది.

ఆ 74లో మన ఓటు ఎక్కడుందో వెదుకుదాం. 2021 మార్చి 10న మనం ఓటు వేసినప్పుడు 98 వార్డుల్లో వైసీపీకి 58, తెలుగుదేశానికి 30, జనసేనకు 3, బీజేపీకి 1 వచ్చాయి. అంటే నేటి కూటమి పార్టీలు మూడూ కలిసి గెలిచినవి 34. ఎక్స్ అఫీషియో ఓట్లు పద్నాలుగూ వాళ్లవే అనుకున్నా 48. మిగిలిన 26 చేతులు మరో గుర్తు మీద మనం గెలిపించినవారివే కావాలి. వాళ్లలో ఎక్కువమంది వైసీపీ నుంచి విడిపోయి వచ్చినవారు. ఆ పార్టీ విప్ జారీ చేసింది, సమావేశాన్ని బహిష్కరించింది. బీసీ మహిళను గద్దె దించారని నిరసన తెలిపింది. కానీ తన ఇంటివాళ్లు బయటికి ఎందుకు నడిచారన్న ప్రశ్నకు విప్ జవాబు కాదు.

విప్ అంటే మాకు పూర్తి వ్యతిరేకత లేదు. గుర్తు చూసి ఓటేసిన మనిషికి ఆ గుర్తు పట్ల విధేయత ఆశించే హక్కు ఉంది. అయితే ఈ వ్యవహారంలో కార్పొరేటర్ ఓటుకు రెండు కట్లు పడ్డాయి. ఒకటి, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందన్న పార్టీ హెచ్చరిక. రెండోది క్యాంపు. ఒక పక్షం వారిని మలేషియాకు, మరో పక్షం వారిని శ్రీలంకకు తరలించారని పత్రికలు రాశాయి. కాలువ పొంగినా, వీధి దీపం వెలగకపోయినా ఫోన్ చేయవలసిన మనిషి సముద్రం అవతల ఉన్నాడు. ఇలా చెయ్యి ఎత్తమంటావా అని ఏ వార్డు కార్పొరేటరైనా తన వీధికి వచ్చి అడిగి ఉంటే, ఆ వార్తను సంతోషంగా ప్రచురిస్తాం.

ఇది ఒక పార్టీ కనిపెట్టిన విద్య కాదు. 2014 తర్వాత 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు. వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. 2019 తర్వాత గాలి మారితే మన విశాఖ దక్షిణ ఎమ్మెల్యే తెలుగుదేశం నుంచి వైసీపీ వైపు వెళ్లారు. ఆనాడు చప్పట్లు కొట్టినవారు నేడు కన్నీళ్లు పెడుతున్నారు. ఆనాడు ఏడ్చినవారు నేడు మిఠాయిలు పంచుతున్నారు.

గెలిచినవారి ఇల్లు కూడా చక్కగా లేదు. డిప్యూటీ మేయర్ పదవి జనసేనకు ఇవ్వాలని కూటమి పెద్దలు నిర్ణయించారు. మే 19న ఎన్నిక పెడితే ఆ నిర్ణయం నచ్చని తెలుగుదేశం కార్పొరేటర్లు కొందరు రానేలేదు. కోరానికి 56 మంది కావాలి, వచ్చినది 54 మంది. సమావేశం మరునాటికి వాయిదా పడింది. అప్పుడు దల్లి గోవిందరెడ్డి ఎన్నికయ్యారు. ఇంత పోరాటం ఎందుకంటే, అప్పటికి పది నెలలు కూడా మిగలని పదవి కోసం.

మధురవాడ 2005లో మహా విశాఖలో కలిసింది. అంతకుముందు మనకు పంచాయతీ ఉండేది, సర్పంచ్ ఇంటి అరుగు ఉండేది. కలిసినప్పటి నుంచి ఈ ఇరవై ఏళ్లలో మనం కార్పొరేటర్ కోసం ఓటు వేసినది రెండే సార్లు, 2007లో, 2021లో. 2012లో కౌన్సిల్ గడువు తీరాక తొమ్మిదేళ్లు అధికారులే పాలించారు. కొమ్మాదిలోనో పీఎం పాలెంలోనో 2012లో పద్దెనిమిది నిండిన యువకుడు తన మొదటి కార్పొరేటర్ ఓటు వేసేసరికి ఇరవై ఏడేళ్లవాడు. ఇంత అరుదుగా దొరికే ఓటు కాబట్టే, అది చేతులు మారితే మాకు బాధ.

చీలిక ఆది సంఘానికీ వచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. పన్నెండుమంది విప్ జారీ చేయలేదు, సణిగినవారిని దూరంగా తీసుకెళ్లి దాచలేదు. శిష్యులందరినీ పిలిచి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవారి వైపు వారికే సంచి అప్పగించారన్నమాట.

ఈ మాట కార్పొరేటర్లకు చెప్పే ముందు మన సంఘాల వైపు కూడా చూసుకోవాలి. కమిటీ ఎన్నికలు వచ్చేసరికి సభ్యత్వ చందా బాకీ ఉందంటూ ఓటర్ల జాబితాలోంచి పేర్లు తీసేయడం మనకు తెలియనిది కాదు. తీసేసిన పేర్లు చాలావరకు ఒక వర్గానివే కావడం కూడా తెలుసు. రోజు కూలీ మీద బతికే విశ్వాసి ఆరు నెలల చందా కట్టలేకపోతే ఓటు పోతుంది. వేలం పాటలా డబ్బు పెట్టినవాడు పెద్ద అవుతాడు. పాస్టర్ల గౌరవ వేతనం ఏ ప్రభుత్వం ఇచ్చినా తీసుకోవచ్చు, తప్పులేదు. దానికి బదులుగా మా సంఘం ఓట్లు మీవేనని వేదిక మీద మాట ఇచ్చే అధికారం మాత్రం ఏ కాపరికీ లేదు. సంఘంలో ఎన్ని చేతులున్నాయో అన్ని ఓట్లు.

ఈ కౌన్సిల్ గడువు 2026 మార్చి వరకే. కిందటిసారి తీరినప్పుడు తర్వాతి ఎన్నికకు తొమ్మిదేళ్లు పట్టింది. ఈసారి ఎన్ని నెలలకని ఆ రోజు చెయ్యి ఎత్తినవారినీ, సభకు రానివారినీ, మీ వార్డులో కనబడినప్పుడు అడగండి.