వద్దన్న జియాలజిస్టుకు ఫీజు ఎవరిస్తారు?

రాయలసీమలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా కరెంటు స్తంభానికో, ఎరువుల కొట్టు గోడకో ఒక బోర్డు కనబడుతుంది: ‘బోరు పాయింట్లు చూడబడును’. కింద సెల్ నంబరు. ఆ నంబరు వెనక ఉన్నది ఎమ్మెస్సీ జియాలజీ చదివిన మనిషి కావచ్చు, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టే మనిషి కావచ్చు. రైతు ఇద్దరినీ పిలుస్తాడు. ఇద్దరూ ఒకే చోటు చూపిస్తే గుండెల నిండా ఊపిరి పీల్చుకుని బోరు బండికి ఫోన్ చేస్తాడు. ఇద్దరినీ అడిగేది ఒకే మాట, ‘ఎక్కడ వేయమంటారు సార్?’ అని. అసలు వేయమంటారా, వద్దంటారా అని అడిగే రైతు అరుదు. భూగర్భజల కన్సల్టెంటు వృత్తికి పట్టిన జబ్బు ఇక్కడే మొదలవుతుంది.

మన దగ్గర ఇది పెద్ద పాత వృత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భజల శాఖ 1971లో ఏర్పడింది. దానిలో పనిచేసి రిటైరైనవాళ్లూ, విశ్వవిద్యాలయాల నుంచి పట్టా పుచ్చుకుని వచ్చి సర్కారు కొలువు దొరకనివాళ్లూ కన్సల్టెంట్లయ్యారు. అంతకుముందు చెట్టూ పుట్టా చూసి చెప్పేవాళ్లదే రాజ్యం. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎంత లోతులో జల పడుతుందో ఒక అధ్యాయమే రాశాడు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని శాస్త్రవేత్త కళ్లతో చదివి పుస్తకం వేశారు. నవ్వి తీసిపారేసే విషయం కాదు, పైపై నీటికి చెట్టు మంచి సాక్షే. కానీ మనమిప్పుడు దిగుతున్నది వెయ్యి అడుగులకు. అక్కడి సంగతి వేపచెట్టుకేం తెలుసు?

మరి జియాలజిస్టుకు తెలుసా? ఆయన పని దగ్గర నిలబడి చూడండి. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరసలో పాతిస్తాడు. బయటి రెండింటి గుండా నేలలోకి కరెంటు పంపుతాడు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాడు. నేల మరీ ఎండిపోయి ఉంటే కడ్డీల మొదట్లో చెంబుతో నీళ్లు పోయించాలి, లేకపోతే కరెంటు దిగదు. నీళ్లు వెతకడానికి ముందు నీళ్లు పోయాలన్నమాట! ఒక్కో రీడింగు కాగానే కుర్రాళ్లు బయటి కడ్డీలు పీకి ఇంకొంచెం దూరంగా పాతుతారు. కడ్డీలు జరిగేకొద్దీ కరెంటు ఇంకాస్త లోతుకు దిగుతుంది. అంకెలన్నీ గ్రాఫు గీస్తే కింద ఏ పొర ఎంత మందం ఉందో ఒక అంచనా వస్తుంది. పగుళ్లు లేని గ్రానైటు వేల ఓమ్-మీటర్ల నిరోధకత చూపిస్తుంది. నీళ్లు పట్టిన మొరం అంతకంటే చాలా తక్కువ. కానీ బంకమట్టీ తక్కువే చూపిస్తుంది, ఉప్పునీళ్లూ తక్కువే చూపిస్తాయి. అంటే మీటరు నీళ్లను చూడదు, నిరోధకతను చూస్తుంది. అది నీళ్లో, బంకమట్టో తేల్చేది చుట్టుపక్కల బావులు తిరిగి, వాగు వాలు చూసి, నేలలో గోడలా నిలిచిన డోలరైటు డైకు ఎటు పోతోందో గుర్తుపట్టిన మనిషి.

ఆ మనిషికీ ఒక హద్దుంది. 600 అడుగుల కింద అరంగుళం పగులు ఉందనుకోండి, ఈ కడ్డీలకు అది కనబడదు. ‘ఐదు వందల ఎనభై అడుగుల దగ్గర రెండించుల నీళ్లు పడతాయి’ అని ఎవరైనా గట్టిగా చెప్పారంటే అది చదువు చెప్పించిన మాట కాదు. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి పరిశోధించారు. అక్కడి గ్రానైటులో నీళ్లు పారే పొరలు ప్రధానంగా పై కొన్ని పదుల మీటర్లలోనే ఉన్నాయని తేల్చారు. ఆ కిందికి పోయేకొద్దీ గట్టి బండే. బోరు బండి రేటు మాత్రం లోతు పెరిగేకొద్దీ అడుగుకు పెరుగుతుంది.

ఇవన్నీ తెలిసిన నిజాయితీపరుడు చాలా పొలాల్లో చెప్పవలసిన మాట ‘ఇక్కడ వద్దు’ అనే. చెప్పాడనుకోండి, ఫీజు సగం కూడా చేతికి రాదు. సాయంత్రానికి ఇంకొకాయన వచ్చి గట్టు మీద నాలుగు రాళ్లు పేర్చి పాయింటు చూపించి వెళతాడు. రిగ్గు ఏజెంటు దగ్గర కమీషన్ తీసుకునేవాళ్లూ ఈ వృత్తిలో ఉన్నారు. నీళ్లు పడితేనే ఫీజు అనే ఒప్పందం పైకి న్యాయంగా కనిపిస్తుంది కానీ నాకు అదే అన్నిటికంటే చెడ్డదనిపిస్తుంది. రైతు డబ్బుతో జియాలజిస్టు లాటరీ టికెట్టు కొన్నట్టు. పడితే తనకూ వాటా, పడకపోతే అప్పు రైతుది. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్, లాయరుకు బార్ కౌన్సిల్ ఉన్నాయి. జియాలజిస్టును అడిగే అలాంటి చట్టబద్ధమైన కౌన్సిల్ ఈ దేశంలో లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోరు బండిని రిజిస్టరు చేయించుకోమంది, పాయింటు చూపించే చేతిని వదిలేసింది.

కాస్త పేరొచ్చినవాళ్లు పట్నం పోతున్నారు. ఫ్యాక్టరీల అనుమతులకు నివేదికలు, అపార్టుమెంట్లకు ఇంకుడు గుంతల డిజైన్లు. అక్కడ నివేదికకు డబ్బిస్తారు, నీళ్లకు కాదు.

ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. బోరు వేసేటప్పుడు బిల్లులో మొత్తం అడుగులూ, కేసింగ్ అడుగులూ రాస్తారు, డబ్బు లెక్క వాటిదే కాబట్టి. ఎన్ని అడుగుల దగ్గర తడి తగిలింది, పొడి రంగు ఎక్కడ మారింది, ఎక్కడి నుంచి వట్టి దుమ్మే లేచింది, ఇవేవీ ఎవరూ రాయరు. ఫెయిలైన బోరు నోటిమీద రాయి పెట్టేసి మరిచిపోతారు. జియాలజిస్టుకు మాత్రం అన్నిటికంటే విలువైనది ఆ ఫెయిలైన బోరే. పక్క పొలంలో పాయింటు అడిగినవాడికి ఆ లెక్క పనికొస్తుంది. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో రైతులే తమ బావుల్లో నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఊళ్లో ఉన్న నీటికి సరిపడా పంట ఎంతో కూర్చుని మాట్లాడుకున్న ప్రాజెక్టు ఒకటి నడిచింది. అక్కడ జియాలజిస్టు పాయింట్లు చూపించేవాడు కాదు, నేర్పించేవాడు. ఈ చదువుకు అంతకంటే మంచి ఉద్యోగం నేను చూడలేదు.

ప్రభుత్వం కౌన్సిల్ పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి పాయింటుకు మనిషిని పిలిస్తే వేయమన్నా, వద్దన్నా ఫీజు ఒకటేనని ముందే చెప్పి చేతిలో పెట్టండి. ఎక్కడ వేయాలో, ఎన్ని అడుగుల దాకా వెళ్లాలో, ఎక్కడ ఆపేయాలో సంతకం పెట్టి రాసిమ్మనండి. ఆ కాగితం చేతికి రాకుండా బోరు బండిని పొలంలోకి రానివ్వకండి.