ఇంకెన్నాళ్ళు బతుకుతాం?

"డాక్టరుగారూ, ఈ బి.పి. మాత్రలు ఇక మానేద్దామనుకుంటున్నానండీ."

ఈ మాట అన్నది రిటైరైన లెక్కల మాస్టారు. వయస్సు 66. పదేళ్ళుగా రక్తపోటుకి మందు వాడుతున్నారు. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. ఆపరేషన్ చేయించుకోండి మహానుభావా అంటే ఏడాది నుంచీ ఏదో ఒక వంకతో దాటవేస్తున్నారు.

"మందులు పడటం లేదా?" అని అడిగాను.

"పడకేం, పడుతున్నాయి. పేపర్లో చూశానండీ, మన దేశంలో మగవాడి సగటు ఆయుర్దాయం 68 చిల్లర అట. నాకు 66 నిండి 67 నడుస్తోంది. మిగిలింది ఏడాదిన్నర. దానికింత ఖర్చెందుకు? కళ్ళంటారా, ఎలాగో నెట్టుకొస్తాను."

నవ్వకండి. ఇలా పైకి అనేవారు ఒకరైతే, లోపల అనుకునేవారు పదిమంది. షష్టిపూర్తి కాగానే "ఇక మనదేముంది" అని కూర్చునే ఇళ్ళు నేను చాలా చూశాను. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని సుగరు పరీక్ష చేయించుకోరు, పళ్ళు కట్టించుకోరు, చెవి వినపడకపోయినా ఊరుకుంటారు.

మాస్టారు చెప్పిన అంకెలో తప్పులేదు. 2016-20 లెక్కల ప్రకారం మన దేశంలో సగటు ఆయుర్దాయం 70 ఏళ్ళు. మగవారికి 68.6, ఆడవారికి 71.4. తప్పల్లా ఆ అంకెను చదవటంలో ఉంది. లెక్కల మాస్టారు కదా అని ఆయనకు ఒక లెక్కే ఇచ్చాను. మీరూ చేయండి.

ఒక ఊళ్ళో ఒకే ఏడు పదిమంది పిల్లలు పుట్టారు. నలుగురు ఏడాది తిరిగేలోగా పోయారు. మిగిలిన ఆరుగురూ చక్కగా పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, మనవలనెత్తుకుని 65వ ఏట పోయారు. ఈ పదిమంది సగటు ఆయుష్షు ఎంత? నలుగురివీ కలిపి 4 ఏళ్ళు, ఆరుగురివి 390. మొత్తం 394. పదితో భాగిస్తే 39 చిల్లర. ఇప్పుడు చెప్పండి, 39వ ఏట పోయినవాడు అందులో ఒక్కడైనా ఉన్నాడా?

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. అంతకుముందు 1911-21 మధ్య, ప్లేగు, కలరాలు చాలవన్నట్టు 1918లో ఇన్‌ఫ్లుయెంజా కూడా వచ్చిపడిన పదేళ్ళలో, అది 20 దరిదాపులకు దిగింది. అంటే అప్పటివాళ్ళంతా ముప్ఫై దాటకుండా పోయారని కాదు. మీ తాతగారో ముత్తాతగారో ఎనభై ఏళ్ళు బతికే ఉంటారు. ఆ ముత్తాతగారికి ఎంతమంది అన్నదమ్ములు పుట్టారో, ఎంతమంది మిగిలారో ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. సగటును కిందికి లాగింది ఆ పసివాళ్ళు.

మన పేర్లలోనే ఆ చరిత్ర ఉంది. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చి పెంటయ్య అన్నారు. ఎంగిలి పుల్లాకులో వేసి పుల్లయ్య అన్నారు. తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేసి తవిటయ్య, తవిటమ్మ అన్నారు. మృత్యువుకి రోత పుట్టించే పేరు పెడితే వదిలేస్తుందని ఆ తల్లుల ఆశ. ఈ రోజుల్లో ఆ పేర్లు పెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? అవసరం తీరిపోయింది.

ఎలా తీరిందో కూడా చెప్పాలి. బొడ్డు కోయటానికి ఇంట్లో కొడవలో కత్తో వాడి, ఆ పుండు మీద బూడిద అద్దే రోజుల్లో పురిటి బిడ్డలు ధనుర్వాతంతో కొయ్యబారి పోయేవారు. తల్లికి కడుపుతో ఉండగా టీకా, ఆస్పత్రిలో కాన్పు రావటంతో అది తగ్గుతూ వచ్చి, 2015 నాటికి దేశంలో దాదాపు లేకుండా పోయింది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకున్న మశూచికం మన దేశంలో లేదని 1977లో ప్రకటించారు. పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో. ఇక వాంతులూ విరేచనాలూ. 1971లో బెంగాల్ సరిహద్దున బనగావ్ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు, సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళను తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకి దిగాయి. ఇప్పుడు మందులషాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం అదే. ఖరీదు చూసి చిన్నచూపు చూడకండి. ఇంట్లో పసివాళ్ళుంటే రెండు పొట్లాలు ఎప్పుడూ ఉంచుకోండి.

ఫలితం చూడండి. 1971లో వెయ్యిమంది పుడితే 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020కి అది 28. అదైనా తక్కువేమీ కాదు. రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా కూడా చాలా ఉంది. 2014-18 లెక్కల్లో కేరళలో సగటు ఆయుర్దాయం 75 దాటితే, ఛత్తీస్‌గఢ్‌లో 65 దగ్గరే ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దేశపు సగటుకి దగ్గరగా ఉన్నాయి. కోవిడ్ ఏళ్ళలో సగటు కాస్త వెనక్కి జరిగింది కూడా.

సరే, మాస్టారి సంగతికి వద్దాం. పేపర్లో పడే అంకె అప్పుడే పుట్టిన బిడ్డకి వేసిన లెక్క. బాలారిష్టాలూ, పడుచుదనపు ప్రమాదాలూ, నడివయస్సు గుండెపోట్లూ అన్నీ ఆ బిడ్డ ముందున్నాయి. మాస్టారు వాటన్నిటినీ దాటి వచ్చేశారు. ఆయనకి వేయవలసిన లెక్క వేరు. మన దేశంలో అరవై నిండినవారు ఆపైన సగటున ఇంకో 18 ఏళ్ళు బతుకుతున్నారు. 66 ఏళ్ళ మగవాడికి పన్నెండేళ్ళకు తక్కువ ఉండదు. ఇదీ సగటే సుమా! కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ.

"అంటే ఏడాదిన్నర కాదన్నమాట," అన్నారు మాస్టారు.

"పన్నెండేళ్ళు. ఆ పన్నెండూ మీ కాళ్ళ మీద తిరుగుతారా, ఒక పక్క పడిపోయి మంచాన ఉంటారా అన్నదే ఇప్పుడు లెక్క," అన్నాను.

కాస్త కటువుగానే అన్నాను. కాని నిజమదే. ఇప్పుడు మన దేశంలో జరిగే మరణాల్లో సగానికి పైగా గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, కాన్సరు, ఊపిరితిత్తుల జబ్బుల వల్లే. పక్షవాతం వచ్చినవాళ్ళందరూ పోరు. చాలామంది ఏళ్ళ తరబడి మరొకరి చేతుల మీద బతుకుతారు. రక్తపోటు మాత్ర ఆపేది దాన్నే. మందు వాడుతుంటే 120, 130 చూపించిందని జబ్బు నయమైందనుకుని మానేయకండి. మందు పనిచేస్తోంది కనుక అలా ఉంది. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మార్చాలన్నా తగ్గించాలన్నా మీ డాక్టర్నడిగే చేయండి. ఉప్పు రోజుకి ఒక చెంచాడు, అంటే 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా ఆ చెంచాలోకే వస్తాయి. చుట్ట, సిగరెట్టు, ఖైనీ ఏ వయస్సులో మానినా లాభమే.

శుక్లాలు ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలపు మాట. చూపు అడ్డొస్తున్నప్పుడే తీయించుకోవచ్చు. బాగా ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది. చాలామంది సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నారు. ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా చేస్తారు. కన్ను ఆనక స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నవాళ్ళని చూస్తే, ఆపరేషన్ ఖర్చు ఖర్చు కాదని మీకే తెలుస్తుంది.

మాస్టారు లేవబోతుంటే అడిగాను, "అమ్మగారికి ఎన్నేళ్ళండీ?"

"యాభై ఎనిమిది. దానికేం, దుక్కలా ఉంది."

1970-75 మధ్య మన దేశంలో ఆడవారి సగటు ఆయుర్దాయం 49.0, మగవారిది 50.5. కాన్పుల్లో పోయేవారు కొందరు, ఆడపిల్ల జ్వరానికి డాక్టరెందుకనే ఇళ్ళలో పోయేవారు కొందరు. 1980ల్లో లెక్క తిరగబడి ఆడవారు ముందుకొచ్చారు. 2018-20లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంలో 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. కనుక 58 ఏళ్ళ ఇల్లాలికి ముందు ఇరవై ఏళ్ళున్నాయనుకోవచ్చు. ఇటు పన్నెండో పదమూడో, అటు ఇరవై. తీసివేత మాస్టారికి నేను చెప్పనక్కరలేదు. ఆ ఏడెనిమిదేళ్ళు ఆవిడ ఒక్కరే ఉండవలసి రావచ్చు. మందు బిళ్ళ వేసుకోమని గుర్తుచేసేవారుండరు. ఆవిడ ఆరోగ్యం ఆవిడే చూసుకోవాలి. బాంకు పుస్తకంలో, పెన్షను కాగితాల్లో ఆవిడ పేరు సరిగ్గా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

"ఆవిణ్ణి ఎప్పుడైనా పరీక్ష చేయించారా?"

"ఎప్పుడూ ఏమీ అనలేదండీ," అన్నారు ఆయన.

బుధవారం ఇద్దరూ వచ్చారు. మాస్టారికి 138/84. ఆవిడ చెయ్యి చాచటానికి మొహమాటపడ్డారు, "నాకెందుకు బాబూ, ఆయనకి చూడండి" అంటూ. రెండుసార్లు, పది నిమిషాలు కూర్చోబెట్టి మూడోసారి చూశాను. 176/102. ఆవిడ కాన్పులయ్యాక ఇన్నేళ్ళలో ఆ పట్టీ చేతికి కట్టటం అదే మొదటిసారట.