ఎడారి నగరంలో పచ్చిక లెక్క

కరువుకు మారుపేరైన అనంతపురంలో పడే వానలో దాదాపు ఐదో వంతుకే నోచుకున్న లాస్ వేగాస్ నగరానికి, పచ్చిక బయళ్లు అనే అర్థమున్న స్పానిష్ మాటే పేరుగా స్థిరపడింది. ఆ పేరుకు మూలమైన ఊటలు 1962 నాటికే ఎండిపోగా, ఇప్పుడు నగరానికి అందే నీటిలో సుమారు 90 శాతం కొలరాడో నది నుంచే వస్తోంది. ఏడు రాష్ట్రాలు పంచుకునే ఆ నదిలో లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం వాటా ఏటా 3 లక్షల ఎకరా అడుగులు, అంటే దాదాపు 13 టీఎంసీలు మాత్రమే. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రైబ్యునల్ కేటాయించిన 811 టీఎంసీలతో పోలిస్తే అది ఎంత స్వల్పమో బోధపడుతుంది.

ఇంత చిన్న వాటాతో నెట్టుకొచ్చే ఆ నగరం పచ్చికపై విధించిన ఆంక్షలను అర్థం చేసుకోవాలంటే ముందు ఈ వాటాను లెక్కించే తీరు తెలియాలి. ఇళ్లలో వాడిన నీరు మురుగు కాలువల్లో చేరి, శుద్ధి అయ్యాక లాస్ వేగాస్ వాష్ అనే వాగు గుండా కొలరాడో నదిపై ఉన్న మీడ్ జలాశయంలో కలుస్తుంది. అలా తిరిగి చేరినంత నీటిని వాటాకు అదనంగా మళ్లీ తోడుకోవచ్చు. తోటలకు పెట్టిన నీరు మాత్రం ఆవిరై పోతుంది కనుక, తిరిగిరాని ఈ నికర వినియోగమే నగరానికి అసలు ఖర్చు. చదరపు అడుగు పచ్చికకు ఏడాదికి 276 లీటర్లు అవసరం కాగా, ఎడారి మొక్కలు పెంచిన అంతే నేలకు 68 లీటర్లు సరిపోతాయి.

అందుకే 2003లో కొత్త ఇళ్ల ముంగిట పచ్చికను నిషేధించారు. ఉన్న పచ్చికను తొలగించేవారికి చదరపు అడుగు చొప్పున సొమ్ము చెల్లిస్తూ వచ్చారు. రోడ్ల మధ్య, కార్యాలయాల ముందు అలంకారానికే పెంచే గడ్డిని ‘ఉపయోగం లేని పచ్చిక’గా నిర్వచించిన 2021 నాటి రాష్ట్ర చట్టం, దానికి 2027 జనవరి 1 నుంచి కొలరాడో నీరు వాడరాదని శాసించింది. 2002తో పోలిస్తే జనాభా 7 లక్షలకు పైగా పెరిగినా, 2023లో ఆ ప్రాంత నికర వినియోగం 9 టీఎంసీల లోపే ఉండటానికి ఈ క్రమశిక్షణ ఒక ముఖ్య కారణం.

పచ్చికకు బదులు ఏ మొక్కలు పెంచాలో చెప్పే నియమాల్లో స్థానిక మొక్క, కరువును తట్టుకునే మొక్క అనే మాటలను ఒకే అర్థంలో వాడటం పొరపాటు. ఎడారి ఏటి గట్లకు సహజమైన కాటన్‌వుడ్ చెట్టు స్థానికమే అయినా నీటిని విపరీతంగా తాగుతుంది. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన గన్నేరు పరాయిదైనా ఎండకు నిలుస్తుంది. అక్కడ నీడనిచ్చే మెస్కీట్ చెట్టుకు దగ్గరి బంధువైన సర్కారు తుమ్మ తెలుగు నేలపై బీళ్లనూ చెరువులనూ ఆక్రమించిన కలుపు చెట్టు. కనుక నియమం నిలబడాల్సింది మొక్క పుట్టుకపై కాదు, అది తాగే నీటిపై.

నగరాల పొదుపుతో నది గట్టెక్కదన్న విమర్శలో నిజముంది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ సాగునీటి జిల్లా ఒక్కదాని హక్కే సుమారు 135 టీఎంసీలు. అయితే అంత పెద్ద హక్కు లేని నగరానికి ఉన్న వాటాను కాచుకోవడమే మార్గం. అంతకన్నా బరువైన అభ్యంతరం నీడ గురించినది. గడ్డికి పెట్టే నీటితోనే బతికిన చెట్లు, ఆ తడి ఆగాక వేరే ఏర్పాటు లేకపోతే వడలిపోతాయి. గడ్డి స్థానంలో పరిచిన కంకర పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. కాలినడకన బస్సు స్టాపుకు వెళ్లే కూలికి ఈ నష్టం ముందుగా తగులుతుంది.

నీడకు నీరు దొరికే దారి లేకపోలేదు. అరిజోనాలోని టూసాన్‌లో 2010 నుంచి అమలవుతున్న నియమం ప్రకారం, కొత్త వాణిజ్య భవనాలు తోటకు కావలసిన నీటిలో సగం ఒడిసిపట్టిన వాన నీటితోనే సమకూర్చుకోవాలి. ఏది పెంచకూడదో చెప్పే నిషేధం కన్నా, ఏ నీటితో పెంచాలో చెప్పే ఈ పద్ధతి ఒక మెట్టు ముందుంది. తొలగించిన పచ్చిక ప్రతి చదరపు అడుగుకూ ఏటా ఆదా అయ్యే సుమారు 200 లీటర్లలో కొంత భాగాన్ని డ్రిప్ ద్వారా నీడనిచ్చే చెట్టుకు కేటాయించాలని చట్టమే నిర్దేశిస్తే, నీటిని మిగుల్చుకున్న నగరం మనుషులు నడవగలిగే నగరంగానూ మిగులుతుంది.