చిన్న ఖాతాకు ఆరా.. పెద్ద ఖాతాకు మర్యాద

వైరా: పత్తి అమ్మిన సొమ్ము జమైందో లేదో తెలుసుకునేందుకు బ్యాంకుకు వెళ్లిన రైతుకు తరచుగా వినిపించే మాట 'కేవైసీ చేయించుకోండి' అని. ఆధార్, పాన్ ప్రతులు పట్టుకుని మరోమారు వరుసలో నిలబడక తప్పదు. రెండెకరాల ఆసామిపై ఇంత ఆరా ఎందుకన్న ప్రశ్న సహజం. దీనికి మూలం మనీ లాండరింగ్ నిరోధక చట్టం. 2002లో రూపొంది, 2005 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం ఖాతాదారుడెవరో నిర్ధారించుకోవడం బ్యాంకుల విధి. అయితే ఈ ఆరా అత్యవసరమైనది దేశాలు దాటి సొమ్ము దాచే బడా ఖాతాదారుల విషయంలోనే. అక్కడే అది సడలిపోవడం గమనార్హం.

సంపన్నులకు ప్రత్యేక సేవ

కోట్లకు పడగలెత్తిన ఖాతాదారునికి ఒక అధికారిని కేటాయించి, డిపాజిట్లు మొదలు విదేశీ కంపెనీల ఏర్పాటు వరకు గుట్టుగా చక్కబెట్టడమే ప్రైవేటు బ్యాంకింగ్. ఖాతా తెచ్చిన అధికారే ఆరా తీయవలసి రావడం ఇందులోని లోపం. గట్టిగా ప్రశ్నిస్తే ఖాతా చేజారుతుందన్న భయం ఆయనను వెన్నాడుతుంది. వాషింగ్టన్‌లోని రిగ్స్ బ్యాంకు చిలీ మాజీ నియంత పినోచెట్ ఖాతాలను తనిఖీ అధికారుల కంట పడకుండా దాచిన వైనాన్ని 2004లో అమెరికా సెనేట్ ఉపసంఘం బయటపెట్టింది. అదే ఏడాది ఆ బ్యాంకుకు 2.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. విదేశీయుల పేరిట 10 లక్షల డాలర్లు, ఆపైన ఉండే ప్రైవేటు బ్యాంకింగ్ ఖాతాల అసలు యజమానిని, సొమ్ము మూలాన్ని తెలుసుకోవాలని 2001 నాటి పేట్రియట్ చట్టం 312వ సెక్షన్ అప్పటికే నిర్దేశించింది.

హసన్ అలీ ఉదంతం

ఇటువంటి వివాదం మనకూ కొత్త కాదు. హైదరాబాదు మూలాలు గల పుణె గుర్రాల వ్యాపారి హసన్ అలీ ఖాన్ ఇంటిపై 2007లో ఆదాయపు పన్ను శాఖ దాడులు జరిపింది. స్విట్జర్లాండ్‌లోని యూబీఎస్ బ్యాంకులో ఆయనకు సుమారు 800 కోట్ల డాలర్లు ఉన్నాయన్నది దర్యాప్తు సంస్థల ఆరోపణ. అంతటి సొమ్ము తమ వద్ద లేదని ఆ బ్యాంకు ఖండించింది. 2011 మార్చిలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆయనను అరెస్టు చేసింది. దర్యాప్తులో జాప్యంపై అసంతృప్తి చెందిన సుప్రీంకోర్టు 2011 జులై 4న నల్లధనంపై ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఈ తీర్పునిచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి, బృందం అధ్యక్షునిగా నాడు కోర్టు సూచించిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఇద్దరూ తెలుగువారే. బృందం మాత్రం 2014 మేలో జస్టిస్ ఎం.బి.షా అధ్యక్షతన గానీ ఏర్పడలేదు. సొమ్ము ఉందో లేదో ఖాతా తెరిచే నాడే నిగ్గు తేలవలసింది. ఏళ్లు గడిచాక కాగితాల వెంట పరుగెత్తితే ఆరోపణ ఆరోపణగానే మిగులుతుంది.

నిబంధనల్లో వెలితి

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రాజకీయ పలుకుబడి గల ఖాతాదారుల సొమ్ము మూలాన్ని ఆరా తీయాలి, ఖాతాకు ఉన్నతాధికారి అనుమతి ఉండాలి. అయితే 2024 జనవరిలో సవరించిన నిర్వచనం విదేశాలలో ఉన్నత పదవులు నిర్వహించిన వారికే వర్తిస్తుంది. స్వదేశీ నేతల ప్రస్తావన అందులో లేదు. 2024 సెప్టెంబరులో వెలువడిన అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ నివేదిక సైతం ఈ వెలితిని ఎత్తిచూపింది.

నష్టభయాన్ని బట్టి ఆరా తీయాలన్నది నిబంధనల స్ఫూర్తి. కేవైసీ వివరాల నవీకరణకు ముప్పు ఎక్కువగా ఉన్న ఖాతాకు రెండేళ్లు, తక్కువగా ఉన్న ఖాతాకు పదేళ్లు గడువు. సన్నకారు రైతు ఖాతా రెండో కోవకు చెందుతుంది. కనుక ఏటా ఆధార్ ప్రతి అడిగే సిబ్బందిని కారణం చెప్పమని కోరే హక్కు రైతుకుంది. అదే సమయంలో కమీషన్‌కు ఆశపడి తన ఖాతాను ఇతరుల లావాదేవీలకు అప్పగించకపోవడం ఆయన బాధ్యత. అక్రమ ధనం దారి మళ్లేది అలాంటి ఖాతాల మీదుగానే. గడప వద్ద అందరినీ అడిగినప్పుడే చట్టానికి గౌరవం. పేదవాడినే అడిగితే అది వేధింపుగానే మిగులుతుంది.